బత్తా నుంచి జీతానికి



ఈ రోజు ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. ఆట అనగానే "అది మగపిల్లల సంగతి, మనకెందుకులే" అనుకోకండి. ఇది ఆట కథే. కానీ ఇందులో కష్టం ఉంది. కూలి ఉంది. ఒక కాగితం ఉంది. ఆ కాగితం మీద సంతకం ఉంది. ఆ సంతకం కోసం ఆడవాళ్లు ఎన్నో ఏళ్లు ఎదురు చూశారు. కాబట్టి వినండి.

ఆట, దేశం

ఆట పేరు ఫుట్‌బాల్. రెండు జట్లు ఉంటాయి. ఒక్కో జట్టులో 11 మంది. బంతిని కాలితో తన్నుతూ తీసుకుపోవాలి. ఎదుటి జట్టు గోలులోకి కొట్టాలి. చేత్తో ముట్టకూడదు. గోలు దగ్గర కాపలా ఉండే గోల్ కీపర్ మాత్రమే చేత్తో పట్టుకోవచ్చు. 90 నిమిషాలు ఆడాలి. అంటే గంటన్నర. అంతసేపూ పరుగే.

దేశం పేరు అర్జెంటీనా. అది దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. మనకు చాలా దూరం. ఇక్కడ తెల్లవారి ఇంటి ముందు కళ్లాపి చల్లే వేళకు అక్కడ ముందు రోజు రాత్రి భోజనాలు అవుతుంటాయి. అక్కడి భాష స్పానిష్. అక్కడి డబ్బును పెసో అంటారు. రాజధాని బ్యూనస్ ఎయిరిస్.

ఆ దేశంలో ఫుట్‌బాల్ అంటే పిచ్చి. మగవాళ్ల జట్టు 1978లో, 1986లో, 2022లో ప్రపంచ కప్పు గెలిచింది. మారడోనా, మెస్సి అక్కడివాళ్లే. మన పిల్లల చొక్కాల మీద కూడా మెస్సి పేరు కనపడుతుంది. అయితే అదే దేశంలో ఆడవాళ్లూ ఫుట్‌బాల్ ఆడతారు. ఈ కథ వాళ్లది.

రెండు మాటలు నేర్చుకుందాం

ఒక మాట అమెచ్యూర్. అంటే సరదా కోసం, ఇష్టం కొద్దీ ఆడేవాళ్లు. వాళ్లకు జీతం ఉండదు. పొట్టకూటికి వేరే పని చేసుకోవాలి.

ఇంకో మాట ప్రొఫెషనల్. అంటే ఆటే వృత్తిగా ఉన్నవాళ్లు. వాళ్లకు నెల జీతం ఉంటుంది. రాసుకున్న అగ్రిమెంటు ఉంటుంది. దెబ్బ తగిలితే వైద్యం ఉంటుంది.

మరి ఆడేటప్పుడు ఈ ఇద్దరికీ తేడా ఏమిటి? మైదానంలో తేడా ఏమీ లేదు. అదే బంతి. అదే ఎండ. అదే చెమట. తేడా అంతా మైదానం బయటే ఉంది. కాగితం ఉందా లేదా అన్నదే తేడా.

మగవాళ్లకు ఎప్పుడు వచ్చింది?

అర్జెంటీనాలో మగవాళ్లకూ మొదట జీతం లేదు. పేరుకు అందరూ అమెచ్యూర్లే. కానీ పెద్ద పెద్ద క్లబ్బులు మంచి ఆటగాళ్లకు చాటుగా డబ్బు ఇచ్చేవి. ఎవరికి ఎంత ఇస్తున్నారో బయటికి తెలియదు. అడగడానికి లేదు. లెక్క లేదు, కాగితం లేదు. పైగా ఒక క్లబ్బులో చేరితే ఇష్టం వచ్చినప్పుడు ఇంకో క్లబ్బుకు పోవడానికి వీల్లేదు.

1931లో ఆటగాళ్లు సమ్మె చేశారు. ఇష్టమైన క్లబ్బుకు మారే హక్కు కావాలన్నారు. దేశ అధ్యక్షుడి భవనం దాకా వెళ్లారు. ఆ ఏడాదే 18 క్లబ్బులు విడిగా వచ్చి ప్రొఫెషనల్ లీగు మొదలుపెట్టాయి. లీగు అంటే క్లబ్బులన్నీ ఏడాది పొడవునా ఒకదానితో ఒకటి ఆడే పెద్ద పోటీ. చాటుగా ఇచ్చే డబ్బు అప్పటి నుంచి బహిరంగంగా జీతం అయింది.

మరి ఆడవాళ్లకు ఎప్పుడు వచ్చింది? 2019లో. పలక తీసి లెక్క వేయండి. 2019లో నుంచి 1931 తీసేస్తే ఎంత? 88. మగవాళ్లకు జీతం వచ్చిన 88 ఏళ్లకు ఆడవాళ్లకు వచ్చింది. ఈ 88 ఏళ్లూ ఆడవాళ్లు ఆడకుండా కూర్చోలేదు. ఆ సంగతే చూద్దాం.

సరైన బూట్లు లేని జట్టు

1971లో మెక్సికో దేశంలో ఆడవాళ్ల ప్రపంచ పోటీ ఒకటి జరిగింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం దాన్ని గుర్తించలేదు. అయినా జరిగింది. అర్జెంటీనా నుంచి ఒక జట్టు వెళ్లింది. వాళ్లతో శిక్షణ ఇచ్చే కోచ్ లేడు. డాక్టరు లేడు. ఆడటానికి సరైన బూట్లు కూడా లేవు.

ఆగస్టు 21న ఆ జట్టు ఇంగ్లండు జట్టుతో ఆడింది. చుట్టూ వేలకు వేల జనం. అర్జెంటీనా 4 గోల్స్ కొట్టింది. ఇంగ్లండు ఒక్కటే కొట్టింది. ఆ నాలుగు గోల్సూ ఒక్క మనిషే కొట్టింది. ఆమె పేరు ఎల్బా సెల్వా.

ఇంత గెలిచినా తిరిగి వచ్చాక వాళ్లను పట్టించుకున్నవాళ్లు లేరు. చాలా ఏళ్లు ఆ పేర్లు ఎవరికీ గుర్తు లేవు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ముసలమ్మలను వెతికి పిలిచి గౌరవించారు. ఇప్పుడు అక్కడ ఆగస్టు 21ని ఫుట్‌బాల్ ఆడే ఆడవాళ్ల దినంగా జరుపుకుంటారు.

ఆడవాళ్ల లీగు 1991లో మొదలైంది. దేశ ఫుట్‌బాల్ సంఘమే దాన్ని నడిపింది. కానీ జీతాలు లేవు. కొన్ని క్లబ్బులు బత్తా ఇచ్చేవి. బత్తా అంటే మీకు తెలుసు. దారి ఖర్చులకు ఇచ్చే నాలుగు రూకలు. కొన్ని క్లబ్బులు అదీ ఇచ్చేవి కావు. ఆడేవాళ్లు పగలు అంగట్లోనో, ఆఫీసులోనో పని చేసుకుని ఆ తర్వాత సాధనకు వెళ్లేవాళ్లు.

బస్సులో నిద్ర

2017 సంగతి. క్లబ్బుల్లో బాగా ఆడేవాళ్లను ఏరి దేశం జట్టు కడతారు. ఆ జట్టు పక్క దేశమైన ఉరుగ్వేకు వెళ్లింది. మ్యాచ్ ఆడింది. దేశం కోసం ఆడే మనుషులు వాళ్లు. కానీ పడుకోవడానికి వాళ్లకు గది ఇవ్వలేదు. బస్సులోనే కునుకు తీశారు.

సాధనకు వచ్చిన రోజుకు వాళ్లకు 150 పెసోలు బత్తా ఇవ్వాలి. అప్పటి లెక్కలో అది మన డబ్బు 550 రూపాయల దాకా ఉంటుంది. ఆ బత్తా కూడా చేతికి రాలేదు.

అప్పుడు వాళ్లు అందరూ కలిసి ఒక ఉత్తరం రాశారు. బత్తా రాలేదని రాశారు. మంచి మైదానం లేదని రాశారు. బట్టలు మార్చుకునే గదులు సరిగా లేవని రాశారు. అందరూ సంతకాలు పెట్టి ఫుట్‌బాల్ సంఘానికి ఇచ్చారు. ఇవన్నీ తీరేదాకా ఆడమని సమ్మెకు దిగారు.

2018 ఏప్రిల్‌లో చిలీ దేశంలో పోటీలు జరిగాయి. మ్యాచ్‌కు ముందు జట్టు ఫోటో తీస్తారు కదా? ఆ ఫోటోలో ఒక్కొక్కరూ చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "వినపడటం లేదు, గట్టిగా చెప్పు" అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెడతాం చూడండి, అట్లా. దానికి అర్థం ఏమిటి? మా మాట ఎవరూ వినడం లేదు, వినండి అని. ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ ఫోటో ఊరూరికీ చెప్పింది.

"ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు?"

జీతం అడిగినప్పుడల్లా ఒకటే జవాబు వచ్చేది. ఆడవాళ్ల ఆట ఎవరూ చూడరు. టికెట్లు అమ్ముడుపోవు. డబ్బు రానిదే జీతం ఎక్కడి నుంచి ఇస్తాం?

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఇంకో వైపు చూడండి. ఆడవాళ్ల మ్యాచ్‌లు పెద్ద మైదానాల్లో పెట్టరు. టీవీలో చూపించరు. ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో జనానికి తెలియనివ్వరు. మూత పెట్టిన కుండలో ఏముందో ఎవరికి తెలుస్తుంది?

2018 నవంబరులో ఆ మూత ఒకసారి తీశారు. ప్రపంచ కప్పుకు పోవాలంటే పనామా దేశం జట్టును ఓడించాలి. మ్యాచ్ బ్యూనస్ ఎయిరిస్ పక్కనే ఉన్న సరాందీలో పెట్టారు. పది వేలకు పైగా జనం వచ్చారు. మైదానం నిండిపోయింది. అర్జెంటీనా 4 గోల్స్ కొట్టి గెలిచింది. ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఆ రోజు జనమే జవాబు చెప్పారు.

మకరేనా అడిగింది

ఇప్పుడు ఒక మనిషి దగ్గరికి వద్దాం. పేరు మకరేనా సాంచెజ్. సాంతా ఫే అనే ఊరి నుంచి ఆట కోసం రాజధానికి వచ్చింది. 2012 నుంచి ఒక క్లబ్బుకు ఆడింది. గోల్స్ కొట్టే స్థానంలో ఆడేది. ఆమె ఉండగా ఆ క్లబ్బు దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. ఆటకు ఆమెకు వచ్చేది బత్తా మాత్రమే.

2019 జనవరిలో క్లబ్బు ఆమెను ఇక వద్దంది. అప్పటికి లీగు సగంలో ఉంది. ఆ సమయంలో ఇంకో క్లబ్బులో చేరడానికి నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఉన్న చోటు పోయింది, కొత్త చోటు లేదు. ఏడేళ్ల కష్టం ఒక్క మాటతో పోయింది. అగ్రిమెంటు లేదు కాబట్టి క్లబ్బు ఇవ్వాల్సింది కూడా ఏమీ లేదు.

ఇలాంటిది ఆమెకు ముందు ఎందరికో జరిగింది. వాళ్లు ఏడ్చి ఇంటికి పోయారు. మకరేనా పోలేదు. వకీలు దగ్గరికి వెళ్లింది. క్లబ్బు మీదా, దేశ ఫుట్‌బాల్ సంఘం మీదా చట్టప్రకారం ఫిర్యాదు చేసింది. ఆమె అడిగింది ఏమిటి? తను చేసింది పని అని, తను కార్మికురాలినని ఒప్పుకోమంది. తన ఒక్కదాని కోసమే కాదు, ఆడే ఆడవాళ్లందరికీ ప్రొఫెషనల్ హోదా కావాలంది.

అప్పుడు ఏమైందో తెలుసా? ఆమెను చంపుతామని బెదిరింపులు వచ్చాయి. తన కూలి తను అడిగిన ఆడమనిషికి చావు బెదిరింపు! ఆమె భయపడలేదని చెప్పలేం. భయం ఎవరికైనా ఉంటుంది. కానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు.

ఆమె ఒంటరిగా కూడా లేదు. అంతకు ముందే, 2015 నుంచి, ఆ దేశంలో ఆడవాళ్ల మీద జరిగే హత్యలకు వ్యతిరేకంగా వేల మంది ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి ఉన్నారు. ఇక ఒక్క ఆడమనిషిని కూడా పోగొట్టుకోం అన్నదే వాళ్ల నినాదం. మకరేనా అడిగినప్పుడు వాళ్లు ఆమె పక్కన నిలబడ్డారు. సమ్మె చేసిన ఆటగాళ్లూ నిలబడ్డారు. పత్రికలు రాశాయి.

ఎనిమిది సంతకాలు

2019 మార్చి 16న దేశ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడూ, ఆటగాళ్ల కార్మిక సంఘం నాయకుడూ కలిసి ప్రకటన చేశారు. ఆడవాళ్ల మొదటి శ్రేణి లీగు ఇక ప్రొఫెషనల్ అవుతుందన్నారు. ఒక్కో క్లబ్బు కనీసం 8 మందితో అగ్రిమెంటు రాసుకోవాలి. ఇందుకోసం ఫుట్‌బాల్ సంఘం ఒక్కో క్లబ్బుకు నెలకు 1,20,000 పెసోలు ఇస్తుంది.

మళ్లీ లెక్క వేద్దాం. 1,20,000ను 8 మందికి పంచితే ఒక్కొక్కరికి ఎంత? 15,000 పెసోలు. అప్పటి లెక్కలో అది మన డబ్బు సుమారు 25 వేల రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ ధరలు ఆ దేశానివి. అక్కడ ఏ పని చేసేవారికైనా ఇవ్వాల్సిన కనీస వేతనం కంటే అది కాస్తే ఎక్కువ. మగవాళ్లలో కింది శ్రేణి లీగులో ఆడేవాళ్లకు ఇచ్చేదానికి సమానం. మెస్సి లాంటి వాళ్ల సంపాదనతో దీన్ని పోల్చనే కూడదు.

అయినా అది జీతం. బత్తా వేరు, జీతం వేరు. బత్తా ఇచ్చేవాళ్ల దయ. ఈ నెల ఇస్తారు, వచ్చే నెల ఎగ్గొడతారు. జీతం రాసుకున్నది. ఎగ్గొడితే అడగవచ్చు. జీతం ఉన్న కార్మికురాలికి వైద్యం వస్తుంది. పింఛనుకు లెక్క జమ అవుతుంది. పనిలో దెబ్బ తగిలితే చూసుకునే బాధ్యత యజమానిది. మధ్యలో తీసేయాలంటే కాగితం అడ్డం వస్తుంది.

ఏప్రిల్‌లో సాన్ లోరెంజో అనే పెద్ద క్లబ్బు 8 మందితో ఆగలేదు. 15 మందితో అగ్రిమెంటు రాసుకుంది. అందరూ బల్ల ముందు కూర్చుని సంతకాలు చేశారు. ఆ 15 మందిలో మకరేనా సాంచెజ్ ఒకరు. జనవరిలో పొమ్మనిపించుకున్న మనిషి ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ అయింది. అదే ఏడాది చివర ఆ దేశ ప్రభుత్వం ఆమెను యువజన సంస్థకు అధిపతిగా నియమించింది.

కవల పిల్లల తల్లి

2019 జూన్‌లో ఫ్రాన్స్ దేశంలో ఆడవాళ్ల ప్రపంచ కప్పు జరిగింది. అర్జెంటీనా గోల్ కీపర్ పేరు వానీనా కొరెయా. వయసు 35. కవల పిల్లల తల్లి. తన ఊరి మునిసిపల్ ఆఫీసులో ఉద్యోగం చేసేది. మధ్యలో కొన్నేళ్లు ఆట మానేసింది. మళ్లీ వచ్చి గోలు ముందు నిలబడింది.

మొదటి మ్యాచ్ జపాను జట్టుతో. జపాను 2011లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టు. వానీనా ఒక్క గోలు కూడా పోనివ్వలేదు. మ్యాచ్ సమంగా ముగిసింది. ప్రపంచ కప్పులో అర్జెంటీనా ఆడవాళ్లకు ఒక పాయింటు రావడం అదే మొదటిసారి. మైదానంలోనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

తర్వాత ఇంగ్లండుతో. ఇంగ్లండుకు పెనాల్టీ దొరికింది. పెనాల్టీ అంటే గోల్ కీపర్ ఒక్కతే ఎదురుగా ఉంటుంది, దగ్గరి నుంచి బంతి కొడతారు. ఆపడం చాలా కష్టం. వానీనా ఆపేసింది. ఆ మ్యాచ్ చివరికి 1-0 తేడాతో ఓడారు కానీ ఆమె ఆపిన బంతి అందరికీ గుర్తుండిపోయింది.

మూడోది స్కాట్లండుతో. ఎదుటివాళ్లు 3 గోల్స్ కొట్టేశారు. ఇక అయిపోయింది అనుకున్నారు అందరూ. మిగిలిన కొద్దిసేపట్లో అర్జెంటీనా 3 గోల్స్ చేసి సమం చేసింది. 

ఇవన్నీ ఆడినవాళ్లు చిన్నప్పటి నుంచి జీతం తింటూ పెరిగినవాళ్లు కారు. పని చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఆడినవాళ్లు. కాస్త అండ ఉంటే ఇంకెంత ఆడేవాళ్లో ఊహించుకోండి.

ఇంకా మిగిలింది ఉంది

కథ ఇక్కడితో సుఖాంతం అని చెప్పేస్తే తప్పు అవుతుంది. ఒక జట్టులో మైదానంలోకి దిగేవాళ్లే 11 మంది. పక్కన కూర్చునేవాళ్లతో కలిపితే ఇరవై మంది దాకా ఉంటారు. అగ్రిమెంటు కనీసం 8 మందికి అన్నారు. మిగతావాళ్ల సంగతి? ఒకే జట్టులో, ఒకే మైదానంలో, ఒకరికి జీతం, పక్కమనిషికి బత్తా. ఒకే బాయిలో పని చేసే ఇద్దరిలో ఒకరికే కూలి ఇచ్చినట్టు ఉంటుంది కదా? ఆ బాధ వాళ్లు పడ్డారు. రెండో శ్రేణిలో ఆడేవాళ్లకు ఆ ప్రకటనలో చోటే లేదు.

2024లో ఇంకో సంగతి జరిగింది. కోస్టారికా దేశంతో మ్యాచ్‌లు ఉండగా ముగ్గురు ఆటగాళ్లు దేశం జట్టు వదిలి వెళ్లిపోయారు. సొంత దేశంలో ఆడే మ్యాచ్‌లకు డబ్బు ఇవ్వరని తెలిసింది. సాధన చేసి వస్తే సరైన భోజనం కూడా పెట్టలేదని వాళ్లు చెప్పారు. 2017లో బత్తా కోసం అడిగారు. 2024లో తిండి కోసం, కూలి కోసం మళ్లీ అడగాల్సి వచ్చింది.

మరి 2019 సంతకాల వల్ల లాభం ఏమిటి అని మీరు అడగవచ్చు. లాభం ఉంది. 2019కి ముందు, ఆడవాళ్లది ఆటే కదా, డబ్బు ఎందుకు అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట అనడానికి లేదు. ఇవ్వాలా వద్దా అనే తగాదా పోయింది. ఎంత, ఎందరికి, ఎప్పుడు అనే తగాదా వచ్చింది. రెండో తగాదా కూడా కష్టమే. కానీ అది గట్టి నేల మీద నిలబడి చేసే తగాదా.

ఇప్పుడు మీరు మాట్లాడండి

అక్కలారా, మన దగ్గర బంతి ఆట ఆడి జీతం అడిగేవాళ్లు మీలో ఉండకపోవచ్చు. కానీ నాట్లకు పోయేవాళ్లు ఉన్నారు. బీడీలు చుట్టేవాళ్లు ఉన్నారు. బడిలో వంట చేసేవాళ్లు, అంగన్‌వాడీలో పని చేసేవాళ్లు ఉన్నారు. మీకు తెలిసిన పనుల గురించే ఈ ప్రశ్నలు. ఒకరు చదవండి, అందరూ జవాబు చెప్పండి.

1. మకరేనాకు అగ్రిమెంటు ఉంటే జనవరిలో ఏం జరిగి ఉండేది?

2. జట్టులో 8 మందికే జీతం వచ్చింది. ఆ 8 మంది ఒప్పుకుని సంతకం చేయడం మంచిదా? అందరికీ ఇచ్చేదాకా ఆగడం మంచిదా? రెండు వైపులా వాదించండి.

3. మీరు చేసే పనిలో ఏది జీతం? ఏది కూలి? ఏది బత్తా? ఏ పనికి ఏమీ రాదు? పలక మీద నాలుగు గీతలు గీసి రాయండి.

4. మీ చేతికి ఎప్పుడైనా పని కాగితం వచ్చిందా? అందులో ఏం రాసి ఉంది? ఉంటే వచ్చేసారి తీసుకురండి. అందరం కలిసి అక్షరం అక్షరం చదువుదాం. చదవకుండా మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.